పక్షులకు పడిన బాకీ

కడప కొండల దాపు నుంచి పులికాట్ సరస్సు వరకు ఒక శీతకాలపు కుటుంబ ప్రయాణం

దివ్య ఖుర్ఆన్ మానవుని దృష్టిని పదేపదే పక్షుల వైపు మళ్లిస్తుంది. అల్ ముల్క్, అన్ నహ్ల్ సూరాలలో గాలిలో తేలిపోయే పక్షి సృష్టికర్త శక్తికి నిదర్శనంగా కనిపిస్తుంది. ప్రతి పక్షికీ తన ప్రార్థన ఏమిటో తెలుసునని అన్ నూర్ సూరా తెలుపుతుంది. నేలపై సంచరించే జీవులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మన మాదిరిగానే సముదాయాలని అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయతు బోధిస్తుంది. ఈ ఆయతులను మనం ఏళ్ల తరబడి పారాయణం చేస్తూనే ఉన్నాం. అయితే ఆ పక్షుల ముందు తీరిగ్గా నిలబడి చూసేందుకు ఏడాదిలో ఒక్క రోజునైనా కేటాయిస్తున్నామా?

ఈ ప్రశ్న మా ఇంట్లో ఒక రాత్రి భోజనాల వేళ తలెత్తింది. పదకొండేళ్ల మా అబ్బాయి ఆ సాయంత్రం ఉండేలుతో ఒక గువ్వను కొట్టి ఇంటికి తెచ్చాడు. అప్పటికే అది ప్రాణం విడిచింది. "అమ్మీ, దీన్ని వండుకోవచ్చా?" అని అడిగాడు. దెబ్బ తగిలి చనిపోయిన జీవి, జబహ్ చేయనిదే, మనకు హలాల్ కాదని వాళ్లమ్మ నెమ్మదిగా వివరించింది. "అయితే పారేద్దామా?" అన్నాడు వాడు, ఏ బాధా లేకుండా. ఆ మాట వినగానే మా నాన్నగారు సగం తిన్న పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. డెబ్బై అయిదేళ్లు దాటిన మనిషి. ఏనాడూ అన్నం వదిలి లేచింది లేదు. ఆ రాత్రి మాకు కారణం తెలియలేదు.

రెండు రోజుల తరువాత ఆయనే నన్ను పిలిచి, "పిల్లలను నేలపట్టు తీసుకువెళ్లు. నేను కూడా వస్తాను" అన్నారు.

చీకటిలో కలివికోడి కథ

జనవరి నెల. తెల్లవారుజామున నాలుగు గంటలకు కడప నుంచి కారులో బయలుదేరాం. నేను, నా శ్రీమతి, అబ్బాజాన్, అబ్బాయి, ఎనిమిదేళ్ల అమ్మాయి. వెనుక సీటులో జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, ఉడికించిన గుడ్లు, ఒక చాప, నీళ్ల డబ్బాలు, ఒక బంధువు అరువిచ్చిన దుర్భిణి.

భాకరాపేట దాటే వేళకు ఇంకా చిమ్మచీకటే. ఎడమ వైపున, పెన్నా నదికి ఆవల లంకమల కొండలు నల్లని గోడలా ఉన్నాయి. అక్కడి పొదల్లో రాత్రిపూట మాత్రమే సంచరించే ఒక పక్షి ఉందని పిల్లలకు చెప్పాను. దాని పేరు కలివికోడి. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో దాన్ని తొలిసారి శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అందరూ భావించారు. ఎనభై ఆరేళ్ల తరువాత, 1986లో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ కొండల దాపునే అది బతికి ఉందని నిరూపించారు. ఆ ఆధారం ఆయనకు లభించింది ఏ గ్రంథాలయంలోనూ కాదు. రాత్రిళ్లు దీపం వెలుగులో పిట్టలు పట్టే స్థానికుల అనుభవంలో. అనంతరం దీని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ పని ఈ పక్షి తిరుగాడే నేల మీదుగా రావడంతో, కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చింది.

"ఒక్క పిట్ట కోసం కాలువనే పక్కకు జరిపారా?" అని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది.

"ఒక్క పిట్ట కాదు బేటీ, ఒక సముదాయం" అన్నారు అబ్బాజాన్. ఆ తరువాత చాలా దూరం ఆయన మాట్లాడలేదు.

రాజంపేటలో రోడ్డు పక్కనున్న మస్జిదులో ఫజ్ర్ నమాజు జమాఅత్‌తో దొరికింది. అల్‌హందులిల్లాహ్. వుజూ నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. నమాజు ముగించి బయటికి వచ్చేసరికి మస్జిదు ఆవరణలోని వేపచెట్టు నిండా పిచ్చుకల కలకలం.

వెలికొండల్లో హుద్‌హుద్

చిట్వేలు చేరేసరికి వెలికొండల వెనుక నుంచి సూర్యుడు పైకి వచ్చాడు. మంచు తెరలు పొలాల మీద ఇంకా పరచుకుని ఉన్నాయి. కరెంటు తీగలపై పాలపిట్టలు. అవి ఎగిరినప్పుడల్లా రెక్కల్లో నీలం మెరుస్తోంది. కంచెల కింద కౌజుపిట్టలు వరుసకట్టి పరుగెత్తుతున్నాయి. చెరువు గట్టు మీద నల్లగా రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. వేగంగా వెళ్లే కారుకు ఇవేవీ కనిపించవు. అందువల్ల ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి బండి ఆపాం.

కొండ మొదట్లో, ఎండిన గడ్డి నేల మీద ఒక పిట్ట పొడవాటి ముక్కుతో మట్టిని పొడుస్తోంది. లేత దాల్చిన రంగు శరీరం, నలుపు తెలుపు చారల రెక్కలు. మా అలికిడికి తలెత్తింది. తలపై ఉన్న తురాయి విసనకర్రలా విచ్చుకుంది.

"హుద్‌హుద్!" అని అరిచాడు అబ్బాయి. ఆ పేరు వాడికి మదర్సాలోనే తెలుసు. ప్రవక్త సులైమాన్ అలైహిస్సలాం కొలువులో హాజరు పిలిచినప్పుడు కనిపించకుండాపోయి, సబా రాణి వార్త తెచ్చిన పక్షి అది. తెలుగువారిలో ఈ పేరు ఎక్కువమందికి 2014 అక్టోబరులో విశాఖను అతలాకుతలం చేసిన తుపానుగానే గుర్తు. ఆ పేరు పెట్టింది ఒమన్ దేశం. తుపాను పేరుగా తెలిసిన ఆ పక్షి ఎంత సుకుమారంగా ఉంటుందో చూసినవాళ్లు మాత్రం తక్కువ. అంత గొప్ప రాజ్యాధిపతి ఒక చిన్న పిట్ట గైర్హాజరును గమనించాడన్నది మనం తరచుగా మరచిపోయే పాఠం. అధికారం గలవాడు తన పాలనలోని అతిచిన్న జీవిని కూడా లెక్కలో ఉంచుకోవాలి.

ఘాట్ రోడ్డు మలుపులు దాటి రాపూరు వైపు దిగాం. అక్కడ టీ తాగుతుండగా అబ్బాజాన్ ఫోను మోగింది. మా స్వగ్రామంలో పొలం గట్టున తాతల కాలపు చింతచెట్టు ఒకటి ఉంది. కలప వ్యాపారి దాన్ని బేరమాడుతున్నాడు. ఆ డబ్బుతో వాన కారుతున్న ఇంటి పైకప్పు బాగుచేయించాలని మా ఆలోచన. "సాయంత్రంలోగా మాట చెప్పండి, రేపు కోత మనుషులను పంపుతాను" అంటున్నాడు అవతలి వ్యక్తి. అబ్బాజాన్ "చూద్దాం" అని ఫోను పెట్టేశారు.

నేలపట్టు

గూడూరు, నాయుడుపేట మీదుగా జాతీయ రహదారిపై దక్షిణంగా సాగి, దొరవారిసత్రం వద్ద పక్కకు తిరిగి నేలపట్టు చేరేసరికి పదకొండు గంటలయింది. 1976 నుంచి ఇది పక్షుల అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. పేరుకు పెద్ద అడవేమీ కాదు. ఒక ఊరి చెరువు, నీటిలో నిలిచిన కడప చెట్లు, చుట్టూ చిట్టడవి. కాని చెరువు గట్టు ఎక్కి చూస్తే, చెట్ల కొమ్మలు ఆకులకు బదులు పక్షులు తొడిగినట్లు కనిపించాయి.

బూడిద రంగు గూడబాతులు. నత్తలను ఏరుకుతినే నత్తగుల్ల కొంగలు. వంపు ముక్కుల తెల్ల కంకణాలు. నీటికాకులు, వక్కలు, తెడ్డుముక్కు కొంగలు. అక్టోబరు నుంచి మార్చి వరకు ఈ గూడబాతులు ఇక్కడే గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుతాయి. పక్కనే ఉన్న పులికాట్ సరస్సు వాటికి ఆహారశాల. అక్కడ చేపలు పట్టి, గొంతు సంచిలో నింపుకుని ఇక్కడికి తెస్తాయి.

దుర్భిణిలో ఒక గూడు స్పష్టంగా కనిపించింది. తల్లి వచ్చి వాలింది. రెండు పిల్లలు రెక్కలు కొట్టుకుంటూ మీదికి ఎగబడ్డాయి. తల్లి నోరు తెరిచింది. ఒక పిల్ల తన తలనంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చి తినసాగింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. "తల్లికి నొప్పి పుట్టదా, అమ్మీ?" అని అడిగింది. వాళ్లమ్మ నవ్వి ఊరుకుంది.

అక్కడి కాపలా మనిషి మా దగ్గరకు వచ్చి, "పక్షులు ఎక్కువగా వస్తే ఆ ఏడు చెరువు నిండినట్టే పెద్దయ్యా" అన్నాడు. రెట్టలు కలిసిన ఈ నీరు పొలాలకు ఎరువుగా పారుతుంది. అందుకే ఈ చుట్టుపక్కల రైతులకు పక్షులు అతిథులే కాదు, భాగస్వాములు కూడా. మన రాష్ట్రంలో ఇటువంటి ఊళ్లు మరికొన్ని ఉన్నాయి. అనంతపురం ప్రాంతంలోని వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల నడుమ చింతచెట్లపైనే గూళ్లు కడతాయి; ఊరివాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. గుంటూరు సమీపాన ఉప్పలపాడు, శ్రీకాకుళం వైపు తేలినీలాపురం కూడా అటువంటివే.

అభయారణ్యం అనే భావన ముస్లిములకు కొత్తది కాదు. మక్కా హరమ్ పరిధిలో వేటాడకూడదు, అక్కడి చెట్లను నరకకూడదు. మదీనా పరిసరాలను కూడా దైవప్రవక్త (స) అదే విధంగా పవిత్ర ప్రాంతంగా ప్రకటించారు. ఇహ్రామ్ ధరించిన హాజీ నేల మీది జంతువును వేటాడరాదు. ప్రాణికి భయం లేని చోటు ఒకటి భూమిపై ఉండాలన్నది మన ధర్మంలోనే ఉంది.

అబ్బాజాన్ చెప్పిన మాట

చెట్టు నీడలో చాప పరచి రొట్టెలు తిన్నాం. జుహర్ నమాజు ప్రయాణికులుగా రెండు రకాతులు చదువుకున్నాం. సలామ్ తరువాత అబ్బాజాన్ చేతులెత్తి చాలాసేపు దుఆ చేశారు. ఆ తరువాత మనవడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నేను ఈ చెరువుకు రావడం ఇది మొదటిసారి కాదు" అన్నారు.

అప్పుడాయన వయసు పంతొమ్మిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా రాలేదు. తుపాకీ ఉన్న ఒక మిత్రునితో కలిసి నలుగురు కుర్రాళ్లు బాతుల వేటకు ఈ ప్రాంతానికి వచ్చారు. బాతులను కొట్టారు, జబహ్ చేశారు, వండుకు తిన్నారు. ఆహారం కోసం చేసే వేటను మన షరీఅత్ నిషేధించలేదు. కాని తిరిగి వెళ్లేముందు మిత్రుడు తుపాకీ అబ్బాజాన్ చేతికిచ్చి, "నీ గురి ఎంతో చూద్దాం" అన్నాడు. చెట్టుపై గూడుకు కాపలాగా కూర్చున్న ఒక గూడబాతును ఆయన గురి చూసి కొట్టారు. అది నీటిలో పడింది. దాన్ని తెచ్చుకునే ఉద్దేశం కూడా ఎవరికీ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"గూటిలో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. మేము బండి ఎక్కేదాకా ఆ అరుపు వినిపించింది. మొన్న నువ్వు గువ్వను పారేద్దామా అన్నప్పుడు మళ్లీ అదే వినిపించింది, బేటా" అన్నారు.

దైవప్రవక్త (స) సహచరుల ప్రయాణంలో జరిగిన ఒక సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలను రెండింటిని పట్టుకున్నారు. తల్లి పక్షి వచ్చి వారిపై రెక్కలు కొట్టుకుంటూ తిరుగాడింది. దైవప్రవక్త (స) అది చూసి, దాన్ని ఇంతగా బాధపెట్టినవారెవరని విచారించి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. నిష్కారణంగా చంపబడిన పిచ్చుక ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో ఫిర్యాదు చేస్తుందని తెలిపే హదీసును నసాయీ సేకరించారు. ఈ రెండింటినీ అబ్బాజాన్ ఎన్నో జుమా ప్రసంగాలలో విన్నారు. విన్న ప్రతిసారీ తల దించుకునేవారట.

అబ్బాయి చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు. తరువాత అడిగాడు: "మనిషిని బాధపెడితే వెళ్లి క్షమించమని అడగవచ్చు. పక్షిని ఎలా అడుగుతారు, దాదాజాన్?"

మాలో ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. కొంతసేపటికి అబ్బాజాన్ అన్నారు: "అల్లాహ్‌ను అడుగుతాను. ఆ పక్షిని అడగలేను కాబట్టి, దాని జాతికి ఏదైనా చెల్లిస్తాను."

సలీం అలీ దారి

సూళ్లూరుపేట వైపు వెళుతూ నేను వాళ్లకు సలీం అలీ కథ చెప్పాను. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగిన ఆ బాలునికి గాలితుపాకీతో పిచ్చుకలను కొట్టడం సరదా. ఒకనాడు కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుక కాదేమో, తినవచ్చునో లేదో అన్న సందేహంతో మేనమామ వద్దకు తీసుకువెళ్లాడు. ఆయన బాలుణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పక్షి పేరు చెప్పి, సొసైటీలో భద్రపరచిన పక్షుల నమూనాలను చూపించారు. ఆ బాలుడే తదనంతరం భారతదేశపు పక్షి విజ్ఞానానికి పెద్దదిక్కయ్యాడు. 1930వ దశకం ఆరంభంలో హైదరాబాద్ సంస్థానపు పక్షులను సర్వే చేశాడు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నాడు. తన ఆత్మకథకు ఆ పిచ్చుక పేరుతోనే శీర్షిక పెట్టుకున్నాడు.

హలాల్, హరామ్‌ల గురించి ఒక బాలుని మనసులో కలిగిన సందేహం అతణ్ణి విజ్ఞానం వైపు నడిపించింది. మా అబ్బాయి అడిగిన ప్రశ్న కూడా దాదాపు అదే. పిల్లల ప్రశ్నను కసిరి ఊరుకోబెట్టడమా, దారి చూపడమా అన్నది పెద్దల చేతిలో ఉంది.

సరస్సు ఒడ్డున

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. చిలికా తరువాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. కాళంగి, ఆరణి నదుల మంచినీరు, బంగాళాఖాతపు ఉప్పునీరు ఇక్కడ కలుస్తాయి. దక్షిణ కొసన తమిళనాడులోని పళవేర్కాడులో, సముద్ర వర్తకం చేసిన ముస్లింల పాత నివాసాలు నేటికీ ఉన్నాయి. అక్కడి ముస్లిం స్త్రీలు తాటాకు అల్లికకు పేరుపొందారు.

అటకానితిప్ప దగ్గర బండి ఆపాం. మొదట దూరాన నీటిపై లేత గులాబీ గీత ఒకటి కనిపించింది. దుర్భిణి ఎత్తితే ఆ గీత వందలాది ఫ్లెమింగోలుగా విడిపోయింది. తల తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కులోని జల్లెడ వంటి అమరికతో సూక్ష్మజీవులను వడపోసి తింటాయి. ఆ ఆహారంలోని రంగు పదార్థమే వాటి రెక్కలకు గులాబీ వన్నె ఇస్తుంది. పిల్లలుగా ఉన్నప్పుడు అవి బూడిద రంగులోనే ఉంటాయి. మన దేశంలో ఇవి ప్రధానంగా గుజరాత్‌లోని కచ్ రణ్‌లో గూళ్లు కడతాయి. వాటికి కొంత దూరంలో, ఉత్తర ఆసియా నుంచి వచ్చిన సూదితోక బాతులు నీటిపై తేలుతున్నాయి. ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివచ్చే పక్షులను తవక్కుల్‌కు ఉపమానంగా చెప్పిన హదీసు గుర్తుకు వచ్చింది. గమనించవలసినదేమంటే, ఆ పక్షి గూటిలోనే కూర్చోదు, బయలుదేరుతుంది.

కాని ఆ దస్తర్‌ఖాన్ ఎల్లకాలం పరచి ఉంటుందన్న హామీ లేదు. ఫ్లెమింగోకు మోకాలి లోతు నీరే కావాలి. ఈశాన్య రుతుపవనం మొహం చాటేస్తే సరస్సు పలుచోట్ల ఎండి బీటలు వారుతుంది. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే ఉప్పు, మంచినీళ్ల సమతూకం చెడి చేపలు తగ్గుతాయి. అది మత్స్యకారుల చిరకాల ఆవేదన. పక్షి ఆకలి, మనిషి ఆకలి ఇక్కడ ఒకే నీటి మీద ఆధారపడి ఉన్నాయి.

అసర్ తరువాత ఫ్లెమింగోల గుంపు ఒక్కసారిగా లేచింది. రెక్కల కింది ఎరుపు, నలుపు ఎండలో వెలిగాయి. "సుబ్‌హానల్లాహ్" అన్న మాట ముందుగా మా అబ్బాయి నోటి నుంచే వచ్చింది. ఎవరూ నేర్పి పలికించలేదు.

అప్పుడే అబ్బాజాన్ ఫోను తీశారు. కలప వ్యాపారితో రెండే మాటలు మాట్లాడారు: "చెట్టు అమ్మడం లేదు. దాని మీద కాపురాలు ఉన్నాయి."

నిజమే. వానకాలంలో ఆ చింతచెట్టు నిండా తెల్లకొంగలు, వక్కలు గూళ్లు కడతాయి. వాటి రెట్టల వాసన భరించలేకే దాన్ని అమ్మాలన్న ఆలోచన మాకు మొదట వచ్చింది. ఒక ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి గాని, పశువు గాని, పక్షి గాని తిన్నదంతా అతనికి సదఖా అవుతుందని హదీసు. ఆ చెట్టు నాటినవారు మా ముత్తాత. ఆయన సదఖాను ఆపే అధికారం మాకెక్కడిది? ఇంటి పైకప్పు మరో ఏడాది కారుతుంది. అంతే.

వెళ్లదలచిన వారికి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ సాధారణంగా జనవరిలో జరుగుతుంది. ప్రశాంతంగా చూడాలనుకునేవారు ఆ రోజులు కాకుండా వేరే రోజులు ఎంచుకోవడం మేలు. చెన్నై, నెల్లూరు, తిరుపతి నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఉదయపు తొలి గంటలు, అసర్ తరువాతి సమయం పక్షులు బాగా కనిపించే వేళలు. ముదురు రంగుల దుస్తులు, పెద్ద గొంతులు, హారన్లు వద్దు. గూళ్ల దగ్గరకు వెళ్లి తల్లి పక్షిని లేపవద్దు. ఆ కొద్ది నిమిషాలలోనే కాకి గుడ్డు ఎత్తుకుపోవచ్చు. తెచ్చుకున్న ప్లాస్టిక్‌ను తిరిగి ఇంటికే తీసుకువెళ్లండి. ప్రయాణపు నమాజుల వేళలను ముందుగానే చూసుకోండి.

సూర్యుడు సరస్సులోకి దిగాక, రోడ్డు వారగా చాప పరచి మగ్రిబ్ చదువుకున్నాం. సజ్దాలో ఉండగా తలపై రెక్కల చప్పుడు వినిపించింది. నేలపట్టు వైపు తిరిగివెళ్తున్న గూడబాతులు. తమ పిల్లలకు ఆహారం మోసుకుపోతున్నాయి.

తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి జేబులో నుంచి ఉండేలు తీసి దాదాజాన్ చేతిలో పెట్టాడు. ఆయన దానిలోని రబ్బరు విప్పి, పంగల కర్రను మాత్రం తిరిగి ఇచ్చారు. "దీన్ని చింతచెట్టు కింద పాతి, దానిపై నీళ్ల మూకుడు పెట్టు. ఎండాకాలం వస్తోంది" అన్నారు.

ఇప్పుడు ఆ మూకుడు నింపడం వాడి పని. ఫజ్ర్ తరువాత ఫోనులో ఊళ్లో ఉన్న చిన్నాన్నకు గుర్తుచేస్తాడు. సెలవులకు వెళ్లినప్పుడు తానే నింపుతాడు. అబ్బాజాన్ బాకీ ఎంత తీరిందో అల్లాహ్‌కే తెలుసు. మా ఇంట మరొక బాకీ పడకుండా ఆగిందని మాత్రం నమ్ముతున్నాం. ఆమీన్ అనండి.